ఎముకల మందు ఏళ్ల తరబడి వదలకుండా వాడటం ఎలా?

ఇంట్లో పెద్దావిడ బాత్‌రూమ్‌లో జారిపడితే మణికట్టు విరిగింది. కట్టు కట్టి ఆరు వారాలకు విప్పారు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించి, ఆస్టియోపోరోసిస్ ఉంది, ఎముకలు గుల్లబారాయి అని చెప్పి వారానికొక మాత్ర రాశారు. నాలుగు మాత్రల స్ట్రిప్పు నెలలో అయిపోయింది. ఈలోపు చెయ్యి మామూలుగా పని చేస్తోంది, వంట చేసుకుంటున్నారు, బిందె ఎత్తుతున్నారు. ఇంకో స్ట్రిప్పు కోసం మందుల షాపుకి ఎవరు వెళ్తారు?

చాలా ఇళ్లలో వైద్యం ఇక్కడితో ఆగిపోతుంది. మన దగ్గరే కాదు, ఏ దేశంలో లెక్క తీసినా దాదాపు సగం మంది మొదటి ఏడాదిలోనే ఈ మందు వదిలేస్తున్నారు. వాడినవాళ్లకు కలిగే మేలు చిన్నదేమీ కాదు. 1996లో వెలువడిన ఫిట్ అనే పెద్ద అధ్యయనంలో, అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న స్త్రీలు సుమారు మూడేళ్లు అలెండ్రోనేట్ వాడితే కొత్తగా వెన్నుపూస విరగడం, తుంటి విరగడం రెండూ దాదాపు సగానికి తగ్గాయి. డెబ్భై దాటాక తుంటి విరిగితే ఆపరేషన్, మంచం, ఇంకొకరి మీద ఆధారపడటం ఎలా ఉంటాయో చూసినవాళ్లకు ఆ సగం విలువ తెలుస్తుంది.

మతిమరుపు వల్లే మానేస్తారని మనం అనుకుంటాం. కొందరి విషయంలో నిజమే. కానీ ఎక్కువమంది తెలిసే మానేస్తారు. కడుపులో మంట అనో, నొప్పి తగ్గలేదనో, వాట్సాప్‌లో ఏదో చదివో ఆపేసి, ఆ సంగతి డాక్టర్‌కీ చెప్పరు, ఇంట్లోవాళ్లకీ చెప్పరు. అందుకే ఫోన్‌లో అలారం పెట్టుకోవడం సంగతి ఈ వ్యాసంలో చాలా తర్వాత వస్తుంది.

1. ముందు మందుల కవరు బయటికి తీయండి

ఫ్రిజ్ మీదో, బీరువాలోనో ఉండే ఆ ప్లాస్టిక్ కవరును మంచం మీద కుమ్మరించండి. చాలా ఇళ్లలో అందులో ఉండేవి ఇవే: క్యాల్షియం సీసా, విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు లేదా క్యాప్సూల్స్, గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, బీపీ మాత్ర. అడుగున ఎక్కడో నాలుగు మాత్రలుండే చిన్న స్ట్రిప్పు. అసలు మందు అదే.

"ఎముకల బలానికి మాత్ర వేసుకుంటూనే ఉన్నానే" అని పెద్దవాళ్లు అన్నప్పుడు అది క్యాల్షియమా, ఈ చిన్న స్ట్రిప్పా అన్నది చేత్తో పట్టుకుని చూసి తేల్చుకోవాలి. క్యాల్షియం, విటమిన్ డి అవసరమే. అవి తక్కువగా ఉంటే మందు సరిగా పని చేయదు, కొన్ని ఇంజెక్షన్లయితే ఇవ్వడమే ప్రమాదం. కానీ గుల్లబారిన ఎముకకు అవి వైద్యం కావు. అసలు మందు ఆపేసి క్యాల్షియం మాత్రం ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు ఎంతమందో. తాము వైద్యంలోనే ఉన్నామనుకుంటారు పాపం.

పేరు చివర 'డ్రోనేట్' అని ఉంటే అది ఈ జబ్బు మందే. అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు వారానికొకటి. రిసెడ్రోనేట్ 35 అయితే వారానికి, 150 అయితే నెలకు. ఐబాండ్రోనేట్ 150 నెలకొకటి. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు ఆరు నెలలకోసారి చర్మం కింద ఇస్తారు. టెరిపారటైడ్ రోజూ పెన్‌తో పొడుచుకునేది. కంపెనీ పేర్లు రకరకాలుగా ఉంటాయి, వాటి కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడండి.

ఇంకో తిరకాసు ఉంది. విటమిన్ డి కూడా చాలామందికి వారానికోసారే రాస్తారు, సాధారణంగా ఎనిమిది వారాలు, ఆ తర్వాత నెలకొకటి. రెండూ 'వారం మందులే' కావడంతో ఒకటి వేసుకుని రెండోది కూడా వేసుకున్నామనుకుంటారు. విటమిన్ డి వారానికి బదులు రోజూ తాగేసి, రక్తంలో క్యాల్షియం పెరిగి, వాంతులతో, మనిషి తికమకపడుతూ ఆసుపత్రికి చేరినవాళ్లూ ఉన్నారు. అందుకే స్ట్రిప్పు వెనక మార్కర్‌తో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి: "ఆదివారం, కాఫీకి ముందు". విటమిన్ డి మీద: "గురువారం, భోజనం తర్వాత". రెంటికీ రెండు వేర్వేరు రోజులుంటే గొడవ ఉండదు.

2. నొప్పికి, ఈ మందుకి సంబంధం లేదని ముందే ఒప్పించండి

మానేసినవాళ్లను నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే తరచూ వినపడే జవాబు: "వాడినా మోకాళ్ల నొప్పులు తగ్గలేదు." ఎలా తగ్గుతాయి? మోకాలి కీలు అరగడం వేరే జబ్బు. ఎముక గుల్లబారడం, విరిగేదాకా, నొప్పి పుట్టించదు. ఈ మందు నొప్పి మాత్ర కాదు, వేసుకున్న రోజు ఏమీ తెలియదు, మానేసిన రోజూ ఏమీ తెలియదు. బీపీ మందుకైతే మిషన్ మీద అంకె కనిపిస్తుంది, షుగర్‌కి వేలి చుక్క చాలు. దీనికి ఇంట్లో చూసుకునే కొలత లేదు. ఈ సంగతి మొదటి రోజే చెప్పకపోతే మూడో నెలలో మందు ఆగిపోవడం ఖాయం.

రెండో అపోహ: "ఒక కోర్సు వాడేశాను." యాంటీబయోటిక్ అయితే ఐదు రోజుల కోర్సు ఉంటుంది. ఇది కనీసం మూడు నుంచి ఐదేళ్ల వ్యవహారం. డాక్టర్ చీటీలో 'నాలుగు వారాలు' అని ఉంటే, మళ్లీ చూపించుకునేదాకా అని దాని అర్థం, అంతటితో అయిపోయిందని కాదు. చీటీ తీసుకునేటప్పుడే అడగండి: "సార్, మొత్తం ఎన్నేళ్లు? మధ్యలో ఎప్పుడు రావాలి?" ఆ జవాబును చీటీ మీదే రాయించుకోండి. ఎముక అతికించిన డాక్టర్ దగ్గరికి కట్టు విప్పాక మళ్లీ వెళ్లం కాబట్టి, ఈ మందును ఇకపై ఎవరు చూస్తారో, ఆయనేనా, ఫ్యామిలీ డాక్టరా, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టా, ఆ రోజే తేలిపోవాలి. అది తేలకే ఎన్నో చీటీలు అలా మరుగున పడిపోతాయి.

3. మాత్ర వేసుకునే ఉదయం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ మాత్రలు ఒంటికి పట్టడం చాలా కష్టం. పూర్తిగా ఖాళీ కడుపుతో, నియమం ప్రకారం వేసుకున్నా అలెండ్రోనేట్ నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. ఆ కాస్తా ఎముకలోకి వెళ్లి చాలాకాలం నిలుస్తుంది కాబట్టి పని జరిగిపోతోంది. కాఫీతోనో, పళ్ల రసంతోనో వేసుకుంటే ఆ కొంచెంలోనూ సగానికి పైగా పోతుంది. పాలతో, క్యాల్షియంతో కలిస్తే దాదాపు ఏమీ మిగలదు. అంటే మాత్ర మింగినట్టే ఉంటుంది, మందు పడనట్టే.

మన ఇళ్లలో పొద్దున్నే ఖాళీ కడుపుతో తాగేవాటి చిట్టా చూడండి: ఫిల్టర్ కాఫీ, టీ, నిమ్మరసం తేనె కలిపిన వేడినీళ్లు, మెంతుల నీళ్లు, జీలకర్ర నీళ్లు, రాగిజావ. రాగిలో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, ఎముకలకు మంచిదే. సరిగ్గా అందుకే మాత్రతో కలవకూడదు. ఆ ఒక్క ఉదయం ఇవన్నీ అరగంట వెనక్కి జరగాలి, ఐబాండ్రోనేట్ అయితే గంట. అరగంట అన్నది కనీసం, ఇంకాస్త ఆగగలిగితే ఇంకా మంచిది.

నీళ్లు మామూలు మంచినీళ్లు, పెద్ద గ్లాసు నిండా, 200 మిల్లీలీటర్లకు తగ్గకుండా. చిన్న కాఫీ గ్లాసు చాలదు. మాత్ర గొంతు దిగి ఆహారనాళంలో ఎక్కడా ఆగకుండా కడుపులో పడాలంటే అన్ని నీళ్లు కావాలి, ఆగిన చోట పుండు పడుతుంది. మినరల్ వాటర్‌తో వేసుకోకూడదని మందు కాగితంలో చదివి కంగారుపడేవాళ్లుంటారు. ఆ హెచ్చరిక క్యాల్షియం ఎక్కువగా ఉండే కొన్ని రకాల సీసా నీళ్ల గురించి. మనం మినరల్ వాటర్ అని క్యాన్లలో తెప్పించుకునే ప్లాంటు నీళ్లలో నిజానికి ఖనిజాలు తక్కువే, భయం లేదు. కాచినప్పుడు గిన్నెకు తెల్లటి పొర కట్టే బోరు నీళ్లు మాత్రం ఆ రోజుకు వద్దు.

మాత్రను నమలకూడదు, చప్పరించకూడదు, పొడి చేయకూడదు. పెద్దవాళ్లకు మింగడం కష్టమని అన్ని మాత్రలూ రోటిలో నూరి నీళ్లలో కలిపి పట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఈ మాత్రను అలా ఇస్తే నోరు, గొంతు పుండ్లు పడతాయి. మింగలేకపోతే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి, నీళ్లలో కరిగించి తాగే రకం ఉంది, ఇంజెక్షన్లు ఉన్నాయి.

మింగాక అరగంట, ఐబాండ్రోనేట్ అయితే గంట, పడుకోకూడదు, అంతేకాదు, వంగి చేసే పనులూ వద్దు. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, వంగి బట్టలు పిండటం మాత్రకు ముందే అయిపోవాలి, లేకపోతే ఆ పూట ఇంకెవరైనా చేయాలి. గుల్లబారిన వెన్నుకు ముందుకు వంగడం ఎలాగూ మంచిది కాదు. కుర్చీలో కూర్చుని పేపరు చదవొచ్చు, గుడిదాకా నడిచి రావొచ్చు, నిలబడి పూజ చేసుకోవచ్చు. తీర్థం, ప్రసాదం మాత్రం అరగంట తర్వాతే.

థైరాయిడ్ మాత్ర సంగతేంటి? మన ఆడవాళ్లలో చాలామందికి ఉన్న చిక్కు ఇది, రెండూ ఖాళీ కడుపు మందులే. ఎక్కువగా పాటించే పద్ధతి: వారం మాత్ర రోజున లేవగానే ముందు అది, అరగంట ఆగి థైరాయిడ్ మాత్ర, మరో అరగంట ఆగి కాఫీ. అంతసేపు ఆగలేకపోతే థైరాయిడ్ మాత్రను రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాతకు మార్చుకోవచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి. క్యాల్షియం థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల దూరంలో ఉండాలి కాబట్టి దాన్ని మధ్యాహ్న భోజనంతో పెట్టుకుంటే ఇద్దరితోనూ పేచీ ఉండదు. గ్యాస్‌కి తాగే తెల్లటి సిరప్‌లలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి, అవీ ఆ అరగంటలో వద్దు. టిఫిన్‌కి ముందు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు టిఫిన్ ఆలస్యమవుతుందని గుర్తుంచుకుని, ఆ ఇంజెక్షన్ కూడా టిఫిన్‌తో పాటే వెనక్కి జరపాలి.

ఇప్పుడు రోజు ఎంచుకోండి. ఇంటి పద్ధతిలో అప్పటికే వేరుగా ఉన్న రోజైతే బాగా నిలబడుతుంది. శనివారం ఒంటిపొద్దు ఉండేవారికి ఆ ఉదయం టిఫిన్ హడావిడి ఉండదు, మాత్రకు అనువైన రోజు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసమైతే ఆ రోజు పనికిరాదు. పిల్లల స్కూల్ బాక్సుల హడావిడి ఉండే ఇంట్లో సోమవారం పెట్టుకుంటే మూడో వారానికే తప్పిపోతుంది. ఆ రోజు ఏదో డాక్టర్ నిర్ణయించక్కర్లేదు, వేసుకునే మనిషే చెప్పాలి. తాను ఎంచుకున్న రోజును మనిషి గుర్తుపెట్టుకుంటుంది.

4. మర్చిపోతే

వారం మాత్ర మర్చిపోయి మధ్యాహ్నం గుర్తొస్తే అప్పుడు వేసుకోవద్దు, కడుపు ఖాళీగా లేదు. మర్నాడు ఉదయం వేసుకుని, పై వారం మళ్లీ మామూలు రోజుకే వచ్చేయండి. ఒకే రోజు రెండు వేసుకోకూడదు. నెల మాత్ర అయితే, తర్వాతి తేదీకి ఇంకా ఏడు రోజులకు మించి ఉంటే గుర్తొచ్చిన మర్నాడు వేసుకోండి, అంతకన్నా దగ్గరపడితే ఆ తేదీదాకా ఆగండి.

రెండు మూడు నెలలే ఆగిపోయిందా? సిగ్గుపడేదేమీ లేదు, వారం మాత్రను మళ్లీ మొదలుపెట్టొచ్చు, కానీ ఆపిన కారణం డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి. డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కి మాత్రం ఈ వెసులుబాటు లేదు, దాని గురించి వేరే చెప్పాలి.

5. ఇబ్బంది వస్తే ఏం చేయాలి

ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వస్తే ముందు పైన చెప్పిన పద్ధతిని ఒకసారి సరిచూసుకోండి. చాలాసార్లు నీళ్లు తక్కువ తాగడమో, వేసుకుని నడుం వాల్చడమో కారణంగా తేలుతుంది. మింగుతుంటే నొప్పి, ఛాతీ మధ్యలో నొప్పి, నల్లటి విరేచనం ఉంటే మాత్రం వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆహారనాళం ఇరుకుగా ఉన్నవాళ్లకు, అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లకు ఈ మాత్రలు రాయకూడదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకూ ఇవి సరిపడవు. క్రియాటినిన్ రిపోర్టు ఏడాదిలోపుది లేకపోతే తీయించండి.

జోలెడ్రోనిక్ సెలైన్ ఎక్కించాక ఒకటి రెండు రోజుల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు రావడం మామూలే. మొదటిసారే ఎక్కువగా ఉంటుంది, మూడు రోజుల్లో తగ్గుతుంది, పారాసిటమాల్ చాలు. ముందు రోజు, ఆ రోజు నీళ్లు బాగా తాగాలి. ఈ సంగతి ముందుగా చెప్పనందుకే "ఆ సూది పడలేదు, చచ్చి బతికాను" అని రెండో ఏడాదికి ససేమిరా అంటారు.

దవడ ఎముక కుళ్లిపోతుందట, తొడ ఎముక దానంతటదే విరిగిపోతుందట అని ఫార్వర్డ్ అయ్యే మెసేజ్‌లు పూర్తి అబద్ధాలు కావు, అందుకే వాటితో వాదించడం కష్టం. రెండూ ఉన్నాయి, రెండూ అరుదు. దవడ సమస్య ఆస్టియోపోరోసిస్ మోతాదులో ఏడాదికి పదివేల మందిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో లక్షకు ఒకరికి. ఎక్కువగా వినిపించే కేసులు క్యాన్సర్‌కి ఇవే మందులు పెద్ద మోతాదులో తీసుకున్నవాళ్లవి. మందు మొదలుపెట్టకముందే కదిలే పళ్లు, పీకించాల్సిన పళ్లు ఉంటే ఆ పని ముగించండి. తర్వాత ఎప్పుడు డెంటిస్ట్ దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పండి. తొడ ఎముక సమస్య మందు ఏళ్ల తరబడి వాడినప్పుడు పెరుగుతుంది. విరగడానికి ముందు చాలామందికి తొడలో గానీ గజ్జల్లో గానీ వారాల తరబడి మందకొడి నొప్పి ఉంటుంది. అలాంటిదుంటే మోకాలి నొప్పి ఖాతాలో వేయకుండా చూపించుకుని, రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించాలి.

ఒంటరిగా నిర్ణయం తీసుకోకుండా ఉండటానికి ఒక మాట ఖరారు చేసుకోండి: ఏ కారణం చేతైనా మందు ఆపాలనిపిస్తే, ఆపొచ్చు, కానీ వారంలోపు డాక్టర్‌కి చెప్పాలి. "వాడాల్సిందే" అని పోరుపెట్టే ఇంట్లో పెద్దవాళ్లు మాత్రను తులసి కోటలో పడేస్తారు. చెబితే తిట్టరన్న నమ్మకం ఉన్న ఇంట్లో చెబుతారు.

డాక్టర్ దగ్గరా ఇంతే. వేసుకోకుండా "వేసుకుంటున్నానండీ" అంటే, స్కాన్ బాగోలేకపోతే ఆయన మందు పని చేయలేదనుకుని మరింత ఖరీదైన ఇంజెక్షన్‌కి మారుస్తారు. "సార్, రెండు నెలలుగా వేసుకోవట్లేదు, మంట వస్తోంది" అన్న ఒక్క ముక్కతో ఆ ఖర్చు తప్పుతుంది.

6. డెనోసుమాబ్: తేదీ దాటకూడని ఇంజెక్షన్

మాత్రల గొడవ లేదు, ఆరు నెలలకోసారి ఒక్క సూది, కాబట్టి ఇది సుఖమనిపిస్తుంది. నిజమే, కానీ ఆలస్యాన్ని ఏమాత్రం సహించదు. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ లాంటివి ఎముకలో నిలవ ఉంటాయి, ఆపినా వాటి ప్రభావం నెమ్మదిగా తగ్గుతుంది. డెనోసుమాబ్ ఎముకలో నిలవ ఉండదు. అది ఎముకను కరిగించే కణాలు తయారవకుండా ఆపి ఉంచుతుంది, మందు దిగిపోగానే ఆనకట్ట గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టు ఆ కణాలు పెద్దఎత్తున పనిలో పడతాయి. వైద్యానికి ముందున్న దానికంటే వేగంగా ఎముక కరుగుతుంది, కొందరికి ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరుగుతాయి.

కాబట్టి చివరి సూది నుంచి ఆరు నెలలకు తర్వాతిది పడాలి, ఎట్టి పరిస్థితుల్లో ఏడో నెల దాటకూడదు. దాటిందని తెలిస్తే వెంటనే వేయించుకుని, అక్కడి నుంచి ఆరు నెలలు లెక్కపెట్టాలి. పూర్తిగా ఆపాలనుకుంటే దాని బదులు ఇంకో మందు, సాధారణంగా జోలెడ్రోనిక్ లేదా అలెండ్రోనేట్, మొదలుపెట్టాకే ఆపాలి. ఖర్చు భరించలేకపోయినా, ఊరు మారినా, డాక్టర్ మారినా ఇదే నియమం. మొదటి సూదికి ముందే అడగాల్సిన ప్రశ్న: "దీన్ని ఆపేటప్పుడు దేనికి మారుస్తారు?"

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల విషయంలో ఇది తరచూ తప్పుతుంది. విజిటర్ వీసా మీద అక్కడ ఉండేదీ ఆరు నెలలే, సూది గడువూ ఆరు నెలలే. టికెట్ బుక్ చేసే ముందు సూది తేదీ చూడండి. వెళ్లే ముందే వేయించుకుని గడువులోపు తిరిగొచ్చేలా చూసుకుంటే మంచిది. తేదీ ప్రయాణం మధ్యలో పడుతుంటే ఏం చేయాలో ఇక్కడి డాక్టర్‌తో రెండు మూడు నెలల ముందే మాట్లాడాలి. పాత జబ్బుల మందుల ఖర్చు విజిటర్ ఇన్సూరెన్స్‌లో వస్తుందని నమ్ముకోవద్దు.

సూదికి ముందు క్యాల్షియం, విటమిన్ డి సరిపడా ఉన్నాయని రక్తపరీక్షలో తేలాలి. సూది పడ్డాక పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం ఉంటే క్యాల్షియం పడిపోయిందని అర్థం. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఇది ప్రాణం మీదికి రావచ్చు, 2024లో అమెరికా ఔషధ సంస్థ దీని మీద తీవ్రమైన హెచ్చరిక జోడించింది. సిరంజిని ముందే కొని ఇంట్లో పెట్టుకుంటే ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో కాకుండా, కింది అరలో ఉంచాలి. కరెంటు కోతలుండే ఊళ్లో అసలు ముందుగా కొనకపోవడమే మేలు.

రోజూ పొడుచుకునే టెరిపారటైడ్ గురించి రెండు మాటలు. సాధారణంగా రెండేళ్లకు మించి వాడరు, తెరిచిన పెన్ 28 రోజులే పనికొస్తుంది. మొదటి కొన్ని రోజులు తల తిరగొచ్చు కాబట్టి కూర్చుని వేసుకోవాలి. రెండేళ్లు కష్టపడి, లక్షల్లో ఖర్చుపెట్టి, చివర్లో వెంటనే ఇంకో మందుకు మారకపోతే కట్టిన ఎముక మళ్లీ కరిగిపోతుంది. కంపెనీ తాలూకు నర్సు ఫోన్ చేసి గుర్తుచేస్తుంటే కాదనకండి.

7. గుర్తుచేసే ఏర్పాటు

ఫోన్ అలారం వంద మెసేజ్‌ల మధ్య పోతుంది. పాల లెక్క, గ్యాస్ సిలిండర్ తేదీ రాసే గోడ క్యాలెండర్ మనకు ఉండనే ఉంది. మాత్ర రోజుల గళ్లకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, వేసుకున్నాక అందులో టిక్ పెట్టండి. సంవత్సరం మారి కొత్త క్యాలెండర్ తగిలించగానే సూది తేదీ అందులోకి ఎక్కించడం మర్చిపోవద్దు.

దూరంగా ఉండే పిల్లలు "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని అడిగితే "ఆఁ, వేసుకున్నా" అనే జవాబే వస్తుంది. "స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయి, ఒక ఫోటో పెట్టు" అనండి. రెండు మిగిలినప్పుడే కొత్త స్ట్రిప్పు తెప్పించండి. మూడు నెలలకు సరిపడా ఒకేసారి రాయమని డాక్టర్‌ని అడిగితే తిరుగుడు తగ్గుతుంది. వేరే కంపెనీవి చవకగా దొరుకుతాయేమో, జన ఔషధి కేంద్రంలో ఉందేమో కనుక్కోండి. ఖర్చు వల్ల ఆపేవాళ్లు ఆ మాట బయటికి చెప్పరు, పిల్లల మీద భారం వేయకూడదనుకుంటారు. ఎవరైనా అడగాలి.

తోడు విషయాలూ చూసుకోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం నెలసరి ఆగిన స్త్రీలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి, తిండితో కలిపి. పావులీటరు పాలల్లో సుమారు 300 వస్తుంది. మనకు ఎండ దండిగా ఉంది, విటమిన్ డి లోటు ఎందుకుంటుందిలే అనుకోవద్దు. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆ చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే ఈ లోటు విస్తారంగా కనిపించింది.

8. పని చేస్తోందని ఎలా తెలుస్తుంది?

డెక్సా స్కాన్ ఏడాదికో రెండేళ్లకో, వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే మిషన్ మీద తీయించండి. మిషన్ మారితే అంకెలు పోల్చలేం. రిపోర్టులో ఎముక సాంద్రతను చూపే అంకె, టి-స్కోరు, పెరగకపోయినా, పడిపోకుండా నిలిచిందంటే మందు పని చేసినట్టే. "అంత వాడినా పెరగలేదు" అని నిరుత్సాహపడి ఈ దశలో ఆపేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రెండేళ్లు ఆగలేనివాళ్లకు దారి ఉంది: సీటీఎక్స్ అనే రక్తపరీక్ష. మందుకు ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, రెండుసార్లూ ఉదయం ఖాళీ కడుపుతో చేయిస్తే ఎముక కరిగే వేగం తగ్గిందో లేదో కనిపిస్తుంది. అంకె చూశాక మొహంలో వచ్చే నమ్మకం పది లెక్చర్లకు రాదు.

ఉచిత క్యాంపుల్లో మడమకు పెట్టి చూసేది అల్ట్రాసౌండ్, దానితో మందు పనితీరు తేల్చకూడదు. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పెరిగినవాళ్లు స్కాన్ చూసే డాక్టర్‌కి ఆ మాట చెప్పాలి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది గానీ పెళుసుగా ఉంటుంది.

వారం మాత్రలు ఐదేళ్లు, జోలెడ్రోనిక్ మూడేళ్లు పూర్తయ్యాక డాక్టర్ మొత్తం మళ్లీ చూసి, ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్లకు కొంతకాలం విరామం ఇవ్వొచ్చు. వెన్నుపూస, తుంటి విరిగినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు సాధారణంగా కొనసాగిస్తారు. విరామం ఇస్తే మళ్లీ ఎప్పుడు స్కాన్ చేయించాలో తేదీ వేయించుకుని రండి. డెనోసుమాబ్‌కి, టెరిపారటైడ్‌కి ఈ విరామం వర్తించదు. పక్కింటావిడకు డాక్టర్ మందు ఆపమన్నారని విని మీరూ ఆపేముందు, ఆవిడ వాడింది ఏ మందో కనుక్కోండి.